జింక ముఖం మీది గీతలు

తెల్లవాళ్ల పాలనను ముగించి అందరికీ ఓటు తెచ్చిన మొదటి ఎన్నికలకు ముందు సంవత్సరం అవోకాలో మా వీధి చివరి కొట్టును తగలబెట్టారు. కొట్టు నడిపే ముసలాయన వెనక తలుపు దాకా పాకి వచ్చాడు గానీ బయటపడలేకపోయాడు. తెల్లారి మేం వెళ్లేసరికి కరిగిన సీసాలూ, మాడిన పిండి వాసనా మిగిలాయి. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు మాత్రం అందరూ మాట్లాడారు. ఆ వారంలోనే ఏటి అవతల కాల్పులు జరుగుతుంటే దారి తప్పిన తూటా ఒకటి మా వంటింటి కప్పు రేకును చీల్చుకుని పిండి డబ్బాలో దిగింది.

అన్న ఆ చిల్లు కింద నిలబడి, "పిస్తోలు తెస్తా. ఫినిష్," అన్నాడు.

"నా ఇంట్లోకి తుపాకి రాదు," అంది అమ్మ. "ఎవుణ్ణి కాలుస్తావురా? సీకట్లో నీకు మనిషి ముకం కనపడతాదా?"

"నువ్వు ఊరుకోమ్మా. నీకేటి తెలుసు?"

లేడీస్మిత్ ఊరి నుంచి ఒకాయన లైసెన్సు లేని పిస్తోళ్లు కారులో మక్కపిండి బస్తాల కింద దాచి తెచ్చేవాడు. ఆయనకు నాణేల పిచ్చి. పిస్తోలుకు బదులు ఆయన అడిగింది నా దగ్గరున్న ఒక రాండ్ వెండి ప్రూఫ్ నాణెం.

నేను చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కోసేవాణ్ణి. బడి మధ్యలోనే మానేశాను. తెలిసిందంతా లైబ్రరీలోనే నేర్చుకున్నాను, అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ప్రూఫ్ నాణేన్ని ఖర్చు పెట్టడానికి చెయ్యరు, చూడటానికి చేస్తారు. అచ్చునూ, వెండి బిళ్లనూ ముందే మెరుగుపెట్టి, ఒక దెబ్బతో సరిపెట్టకుండా మళ్లీ కొడతారు. నా నాణెం మీద బొమ్మ లేని చోటంతా అద్దంలా ఉండేది. పుస్తకం ముందు పెడితే అక్షరాలు తిరగబడి కనిపించేవి. ఆ అద్దం మీద స్ప్రింగ్‌బాక్ జింక తెల్లగా, మంచు పట్టినట్టు నిలబడి ఉండేది. అంచు చాకులా పదును. దీపం కింద వాల్చి తిప్పినా వెంట్రుకంత గీతైనా కనిపించేది కాదు. వేలి ముద్ర పడినా పోతుందని దాన్ని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలోంచి తీసేవాణ్ణే కాదు.

ఇవ్వనన్నాను. అన్న నా మెడ పట్టుకుని గోడకేసి నొక్కాడు. ఊపిరాడలేదు. "ముసలాడు కాలిపోయినాడు మ్యాన్! నువ్వు జింకను సూసుకుంటా కూసో," అని అరిచాడు. నేను మోకాలితో అతని పొట్టలో పొడిచాను. అతను నా చెవి మీద కొట్టాడు. రెండు రోజులు ఆ చెవి వినిపించలేదు. చివరికి డబ్బీ బీరువాలో ఉందని చెప్పేశాను.

లేడీస్మిత్ ఆయన శనివారం మధ్యాహ్నం వచ్చి, వంటింటి బల్ల మీద గుడ్డమూట పెట్టాడు. అందులో పిస్తోలు ఉందని అందరికీ తెలుసు. అన్న ఇచ్చిన డబ్బీ తెరిచి నాణేన్ని అంచులు పట్టుకుని కిటికీ వైపు వాల్చాడు. ముఖం మాడిపోయింది.

"ఏటిది? గిన్నె తోమినట్టు తోమినారు!"

మేమిద్దరం అమ్మ వైపు చూశాం. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"నిన్న సుక్కురవారం. లచ్చిమి పూజ. సింతపండేసి తోమినా. ఎండి బిళ్లే గదా."

ఆయన నాణేన్ని అన్న ముఖం మీదికి విసిరాడు. "పొయ్యి మీద పెట్టి కరిగించుకో," అని మూట అందుకున్నాడు. అన్న ఆ మూట మీద పడ్డాడు. బల్ల తిరగబడింది. ఆయన మూటతోనే అన్న నోటి మీద కొట్టాడు. పన్ను ఊడి నేల మీద పడింది. రక్తం చూసి నేను రొట్టెల కర్ర ఎత్తేసరికి ఆయన కారెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు భూతద్దం పెట్టి నాణేన్ని చూశాను. అమ్మ పూజ వెండిని ఎప్పుడూ తడి చేత్తో గుండ్రంగా తోముతుంది. దీపపు సెమ్మె నిండా మెత్తని గుండ్రటి గీతలే. పూజలో పెట్టిన ప్రతి వస్తువుకూ నగిషీ సందుల్లో పసుపు మిగిలిపోతుంది, ఎంత కడిగినా పోదు. ఈ నాణెం మీద గీతలు అడ్డంగా, లోతుగా ఉన్నాయి. జింక ముఖం అరిగిపోయింది. ఇసుక వేసి బలంగా రుద్దిన పని అది. పసుపు ఎక్కడా లేదు.

"పసుపేదమ్మా?" అన్నాను.

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "లైబ్రరీలో సదివినోడివి, నీకు తెలీదా? మీ అన్నకు మాత్రం సెప్పకు."

తుపాకి దొరక్కపోయినా, వీధి మగవాళ్లు వంతులేసుకుని కాసే కాపలా ఆగలేదు. అన్నకు ఇనుప పైపు ఇచ్చారు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. చీకటి పడుతుండగా మా ఇంటి వెనక కంచె చప్పుడైంది. అన్న "ఎవుడ్రా!" అంటూనే పరిగెత్తి పైపుతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది. మళ్లీ కొట్టబోతుంటే అమ్మ దీపం పట్టుకుని మధ్యలోకి వెళ్లింది.

కింద పడి ఉన్నది ఫ్యాక్టరీలో నా పక్క బల్ల మీద తోలు కోసే జూలూ మనిషి. వాళ్ల వీధిలో ఇళ్లు తగలబెడుతున్నారని, పెళ్లాన్నీ పసిబిడ్డనూ కంచె అవతల పొదలో కూచోబెట్టి మా ఇంట్లో తలదాచుకోవచ్చా అని అడగడానికి వచ్చాడు. ఎడమ చెయ్యి మోచేతి కింద వేలాడుతోంది.

"హౌ, మా," అన్నాడు, అమ్మను వాళ్ల భాషలో అమ్మా అని పిలుస్తూ, పళ్లు బిగబట్టి. "మీకు కుక్క లేదని ధైర్యంగా వచ్చాను."

ఆ మాట జూలూలోనే అన్నాడు, అమ్మకు జూలూ వచ్చు. అమ్మ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. పొదలో ఉన్న తల్లీబిడ్డలను లోపలికి తెచ్చింది.

అన్న బీరువా తలుపు చెక్క ఊడదీసి, తన చొక్కా చింపి అతని చేతికి కట్టాడు. కట్టు పూర్తయ్యాక, ఊడిన పన్ను సందులోంచి గాలి పోతుండగా, "అమ్మా, ఆ రోజు పిస్తోలు గానీ వచ్చుంటే..." అని ఆగిపోయాడు.

"టీలో సక్కెరెయ్," అంది అమ్మ. "అతనికి రెండు సెంచాలు."

అన్న రెండు చెంచాలు వేసి, కప్పును తనే పట్టుకుని అతని నోటికి అందించాడు.