కోటు లోపల సుద్ద రాతలు

మా వీధిలో ఆవిడను అందరూ కత్తెరక్క అంటారు. అన్నాచెల్లెళ్లిద్దరిదీ కోట్లు కుట్టే దుకాణం. అన్నగారు ముందు గదిలో కొలతలు తీసుకుంటూ, వచ్చినవాళ్లతో తియ్యగా కబుర్లు చెబుతుంటాడు. మెడలో టేపు నిద్రలోనైనా తీస్తాడో లేదో! వెనక గదిలో కత్తిరించేదీ కుట్టేదీ చెల్లెలు. పేరు మాత్రం ఆయనది. పక్కనే గుండీలు, దారాలు అమ్ముకునే నాకు ఆయనంటే మొదటినుంచీ పడదు. దాచుకోవడమెందుకు?

వాళ్లమ్మ ఆసుపత్రిలో పోయిన రోజున పొద్దున్నే దుకాణానికి ఫోను వచ్చింది. తీసింది అన్న. ఆ సాయంత్రానికి ఒక కోటు ఇచ్చి తీరాలి. అందుకని చెల్లెలు ఆఖరి గుండీ కుట్టేదాకా నోరు మెదపకుండా ఉండి, అప్పుడు చెప్పాడు.

"ముందే చెబితే నీ చెయ్యి వణికేదమ్మా" అన్నాడు.

"అవున్లే అన్నయ్యా" అందావిడ. కోటు మడతపెట్టింది కూడా.

ఆ తర్వాత మనిషి మనిషిలా లేదు. అన్నం కెలికి లేచిపోయేది. తల దువ్వుకోవడం మానేసింది. కత్తెర పట్టుకుని గుడ్డకేసి చూస్తూ ఉండిపోయేది. అమ్మ మీద బెంగ అని వీధంతా తేల్చేసింది. నేనూ తలూపాను. కానీ ఆవిడకు ఏడుపే రావడం లేదని ఎవరికీ తట్టలేదు.

చివరికి అన్నగారి భార్య, ఆవిడ వదినే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మాత్రలిచ్చి, మనసులో ఉన్నదంతా రాయమంది. "కాగితం చూస్తే పరీక్షలో కూర్చున్నట్టుంది, ఒక్క ముక్కా రాదు" అని కత్తెరక్క నా దగ్గర వాపోయింది.

ఓ మధ్యాహ్నం గుడ్డ మీద కొలత గీస్తూ, గీస్తూ, అదే సుద్దతో పక్కన "అమ్మకంటే కోటు ఎక్కువా?" అని రాసింది. చూసుకుని తనే హడలిపోయి, బ్రష్షుతో దులిపేసింది. మర్నాడు మళ్లీ రాసింది. లోపల ఉన్నది కోపమని అప్పటిదాకా తనకే తెలియదట. అన్న మీద కోపం. అంతకంటే ఎక్కువగా, తన నోట వచ్చిన ఆ "అవున్లే" మీద. కోటు లోపలివైపు రాయడం, లైనింగు వేసేముందు దులిపెయ్యడం ఆవిడకు అలవాటైంది. మెల్లగా అన్నం సయించింది. ఓ రోజు నా దారం నాసిరకమని నన్ను చడామడా తిట్టింది. నాకెంత సంతోషమేసిందో! మాత్రలు మాత్రం మానలేదు, డాక్టరమ్మ మానమనలేదు.

ఒకనాడు దులపడం మరిచిపోయింది. నేను గుండీలివ్వడానికి వెళ్లేసరికి, ఇంకా లైనింగు పడని కోటు తొడుక్కుని ఒక పెద్దమనిషి అద్దం ముందున్నాడు. భుజం సరిచేద్దామని అన్నగారు కోటు విప్పించి తిరగేశాడు. లోపల తెల్లగా అక్షరాలు: "నా చెయ్యి వణకనివ్వాల్సింది అన్నయ్యా."

"కొలతలాండీ అవి?" అన్నాడు పెద్దమనిషి, పాపం.

కత్తెరక్క వెనక గది గుమ్మంలోనే ఆగిపోయింది. ఊరికే రాశాన్లే అనేస్తుందేమోనని నాకు భయం వేసింది. అనేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

"ఇది నాకేనా?" అన్నాడు అన్న.

"నీకే."

ఆయన బ్రష్షు అందుకుని గొంతు తగ్గించాడు. "సార్ సాయంత్రం ఊరెళ్తున్నారమ్మా. ఇది దులిపేద్దాం. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాతంటే? కోటయ్యాకా?"

ఆయన చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. కత్తెరక్క పెద్దమనిషి వైపు తిరిగి, "సార్, కోటు రేపిస్తాం. మా అమ్మ పోయింది" అంది.

"అయ్యో, ఎప్పుడమ్మా?" అన్నాడాయన.

ఆవిడ బల్ల పక్కన కూలబడి, "అమ్మా" అని పెద్దగా ఏడ్చింది. అన్నగారు మెడలో టేపు తీసి బల్లమీద పెట్టి, వెళ్లి చెల్లెలి పక్కన నేలమీద కూర్చున్నాడు.