ఫోటోలో పడని అత్త

మా అత్త ప్రపంచం చుట్టి వచ్చిందని చెప్పగానే వినేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఎవరితో అని. ఒక్కతే అంటే, అయ్యో పాపం అంటారు. ఆ అయ్యో పాపం వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోతోంది. భూగోళం చుట్టొచ్చిన మనిషి మీద జాలేమిటి? సోఫాలో కాళ్ళు ముడుచుకుని టీవీలో జలపాతాలు చూసేవాళ్ళ మీద కదా జాలిపడాలి. అందుకే ఈ కథ నేనే చెబుతున్నాను. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. సగం దారిలో ఆమెను వెనక్కి లాగడానికి మా వాళ్ళు వాడిన తాడు నేనే.

అత్త మా నాన్నకు చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక దొరకలేదని చెబుతుంది, అంతకు మించి అడగనివ్వదు. మా మేడమీద గది ఆమెది. వీధి మొదట్లో, సైకిల్ షాపు పక్కన, ఆమె ఫోటో స్టూడియో. వీధిలో అందరూ ఫోటో అక్క అంటారు, నేను ఫోటో అత్త అంటాను. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. స్టూడియో లోపలి గదిలో తెల్లగుడ్డ, దాని ముందు తిరిగే స్టూలు, అటూ ఇటూ గొడుగు దీపాలు, అద్దానికి దారంతో కట్టేసిన దువ్వెన. మేకుకు ఒకే ఒక నల్లకోటు. సన్నటివాళ్ళు తొడుక్కుంటే వీపు వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తుంది. లావుపాటివాళ్ళ కోసం వెనక కుట్టు ముందే విప్పి ఉంచింది. ముందునుంచి చూస్తే మాత్రం అందరూ ఆఫీసర్లే.

పాస్‌పోర్టు ఫోటోలకు ఆమె స్టూడియో పెట్టింది పేరు. మా దగ్గర్నుంచి విమానం ఎక్కినవాళ్ళంతా ముందు ఆ స్టూలు ఎక్కి దిగినవాళ్ళే. చెవులు కనపడాలి, భుజాలు సమంగా పెట్టండి, నవ్వకండి అని వాళ్ళందరికీ చెప్పి పంపేది. వాళ్ళు ఎక్కడెక్కడికో పోయేవారు. అత్త తలుపులు మూసుకుని మా ఇంటికి భోజనానికి వచ్చేది.

ఇంట్లో ఏ వేడుక జరిగినా ఫోటోలు అత్తే తీసేది. నాన్నకు అది చెల్లెలి మీద ప్రేమ అనిపించేది, ఖర్చు కలిసొచ్చేదని నేనంటాను. నాన్నకు ఇనుప సామాన్ల కొట్టు ఉంది. కొట్లో మేకులు కొట్టిన చోట దిగుతాయి కాబట్టి ఇంట్లో మనుషులూ అంతే అనుకుంటాడు. చెడ్డవాడు కాదు. తను గీసిన గీత మీద అందరూ నడిస్తే చాలు, ఎంత మంచివాడో.

ఒక వేసవిలో అమ్మకు హాలు గోడ బోసిగా ఉందనిపించింది. ఇంటిల్లిపాది ఫోటోలన్నీ కలిపి ఒక పెద్ద ఫ్రేము కట్టించమని అత్తకు చెప్పింది. అత్త ఏళ్ళనాటి ఫోటోలన్నీ తెచ్చి నేలమీద పరిచింది. నాన్న పెళ్ళి, నా అన్నప్రాశన నుంచి డిగ్రీ పట్టా దాకా, కొత్త కొట్టు తెరిచిన రోజు, దూరపు చుట్టాల పిల్లలు, ఆఖరికి ఎదురింటి కుక్క కూడా ఉంది. అత్త లేదు. ఎంత వెతికినా లేదు. ఒకే ఒక్క ఫోటోలో, వెనక గోడకున్న అద్దంలో, తెల్లటి ఫ్లాష్ వెలుగు కనిపించింది. అది అత్తట.

నేను ఆ మాట పైకి అనేశాను. అమ్మ అత్త వైపు తిరిగి తేలిగ్గా నవ్వి, "తీసింది నువ్వే కదమ్మా, నువ్వు ఉన్నట్టే లెక్క," అంది. అత్త కత్తెర తీసుకుని ఫోటోల అంచులు కత్తిరిస్తూ కూర్చుంది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. ఆ వారంలోనే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది.

ప్రపంచయాత్ర అనగానే నాన్న పక్కున నవ్వాడు. అది నిజమని తెలిశాక నవ్వు ఆగిపోయింది. మోకాలి నొప్పి గుర్తుచేశాడు, భాష రాదన్నాడు, ఈ వయసులో కాలికి బలపం కట్టుకుని తిరగడమేమిటన్నాడు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని సామెత కూడా వాడాడు. ఆఖరికి, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు అన్నాడు. ఇంట్లో గెలవనివ్వరు కాబట్టే రచ్చకు పోతున్నానంది అత్త. ఆ మాట విన్న రోజు నుంచి నేను ఆమె పార్టీ.

టికెట్టు కొనడానికి ట్రావెల్స్ ఆఫీసుకు నేనే వెంట వెళ్ళాను. అక్కడి అమ్మాయి గోడమీది మ్యాపు చూపించి విడమరిచి చెప్పింది. ఇది ప్రపంచం చుట్టే టికెట్టు, ఎక్కడ కావాలంటే అక్కడ దిగవచ్చు, కొన్నాళ్ళు ఉండి చూడవలసినవి చూడవచ్చు. కానీ తూర్పుకు బయలుదేరితే తూర్పుకే పోవాలి. వెనక్కి తిరగడం కుదరదు. ఇల్లు చేరాలంటే ముందుకు పోవడమొక్కటే దారి. ఈ నిబంధన అందరికీ ఇబ్బందిగా ఉంటుందని ఆ అమ్మాయి నొచ్చుకుంటూ చెప్పింది. అత్త మాత్రం మళ్ళీ ఒకసారి చెప్పించుకుని మరీ వింది.

కెమెరాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఫోను ఒక్కటే పట్టుకుపోయింది. తనకు తాను ఒక నియమం పెట్టుకున్నానని విమానాశ్రయంలో నా చెవిలో చెప్పింది. ప్రతి చోటా ఎవరో ఒకరి చేతికి ఫోనిచ్చి తన ఫోటో తీయించుకుంటుంది. ఎలా తీయాలో చెప్పదు. బాగా రాలేదని రెండోసారి తీయమనదు. వచ్చింది వచ్చినట్టు ఇంటికి పంపిస్తుంది.

మొదటి మజిలీ ఒక పాత నగరం కూడలి. అక్కడ పెద్ద గడియారంలోంచి బొమ్మలు బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాయట. బెలూన్లు అమ్మే ఆవిడ తీసిన ఆ ఫోటోలో గడియారం నిక్షేపంగా ఉంది, అత్త కనుబొమ్మల దగ్గర్నుంచి పైకి మాత్రమే ఉంది. నాన్న భోజనాల బల్ల దగ్గర అందరికీ చూపించి నవ్వాడు. రెండోది జలపాతం. పెళ్ళయి నెల తిరగని ఒక కుర్రాడు తన భార్యను పక్కకు నిలబెట్టి మరీ తీశాడట. నీటి తుంపర తప్ప ఏమీ లేదు, మధ్యలో పసుపు రంగు వానకోటు ఒకటి నిలబడి ఉంది. కోటులో అత్త ఉందని నమ్మాలి. తర్వాత కనుచూపు మేరా ఉప్పు పరుచుకున్న ఎడారి. అక్కడ జీపు డ్రైవరు తప్ప మనిషి లేడు. ఆయన బొటనవేలు సగం ఆకాశాన్ని మూసేసింది. తర్వాత కొండంత రాతి విగ్రహం. దాని కాలి బొటనవేలి గోరు ఎత్తు కూడా లేదు అత్త, కానీ ఈసారి తలా కాళ్ళూ అన్నీ ఉన్నాయి.

ఒకరి చెవి కొంచెం వాలిందని పదిసార్లు కూర్చోబెట్టి తీసే మనిషి ఇవన్నీ గర్వంగా పంపిస్తుంటే నాన్నకు మింగుడు పడలేదు. నేర్చిన విద్యను మంటగలుపుతోందన్నాడు. ఆమె ఎంత సంతోషంగా ఉందో ఆయనకు కనిపించలేదు, లేదా కనిపించే కోపమొచ్చింది.

అప్పుడే నా నిశ్చితార్థం మాట వచ్చింది. సంబంధం అంతకు ముందే కుదిరింది. అబ్బాయి వాళ్ళకు తొందరేమీ లేదు, మా అత్త తిరిగొచ్చాకే పెట్టుకుందామని వాళ్ళే అన్నారు. నాన్న ఒప్పుకోలేదు. వచ్చే నెలలోనే ముహూర్తం పెట్టేశాడు. ఎందుకంత తొందరని అమ్మ అడిగితే, దీనికైనా దిగి వస్తుందిలే అన్నాడు. నేను పక్క గదిలో చీర మడత పెడుతున్నాను. నా నిశ్చితార్థం గాలానికి గుచ్చిన ఎర అని అప్పుడు తెలిసింది. ఆ చీర మళ్ళీ కట్టబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న అత్తకు ఫోన్ చేశాడు. అందరం వినాలని స్పీకరు పెట్టాడు. అత్త ఏదో రేవులో పడవ కోసం నిలబడి ఉంది, వెనక గాలి హోరు వినిపిస్తోంది. సంగతి విని నాకు శుభాకాంక్షలు చెప్పింది. కానీ టికెట్టు వెనక్కి తిరగదు కదా అంది. నాన్న దానికి ముందే సిద్ధంగా ఉన్నాడు. ఆ టికెట్టు పారేయమన్నాడు, వేరే టికెట్టు తను కొని పంపిస్తానన్నాడు. అత్తకు చెప్పుకోవడానికి చేతిలో ఉన్న ఒక్క సాకూ పోయింది. ఇక ఆమె రానంటే అది టికెట్టు అన్న మాట కాదు, ఆమె అన్న మాటే.

"అన్నయ్యా, నువ్వు నన్ను రమ్మంటున్నావా, కెమెరాను రమ్మంటున్నావా?" అంది చివరికి.

"రెండూ ఒకటే కదమ్మా. నువ్వు రాకపోతే ఫోటోలు ఎవరు తీస్తారు?"

నాన్న వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అదే నన్ను కోసేసింది.

"అయితే రాను," అంది అత్త. "టికెట్టు సంగతి వదిలెయ్యి. నేనే తిరగను."

రాకపోతే ఇక ఈ గడప తొక్కవద్దన్నాడు నాన్న. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఫోను లాక్కున్నాను. 

"అత్తా, నా కోసమని వెనక్కి తిరిగావంటే నేను ఆ పీట మీద కూర్చోను. ఆపకుండా పో."

నాన్న నా వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే బూడిదయ్యేవారు. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవు. నేను ఆయన కూతుర్నే, పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకూ తెలుసు.

నిశ్చితార్థం బాగానే జరిగింది. డబ్బిచ్చి పిలిపించిన మనిషి ఫోటోలు తీశాడు, ఎవరి తలా తెగలేదు. ఉంగరాలు మార్చుకున్నాక నా ఫోను చూసుకున్నాను. అత్త ఒక ఫోటో పంపింది. అది ప్రపంచమంతా చూడాలనుకునే ఒక వంతెనట. పొగమంచు కమ్మేసి వంతెన ఆనవాలు కూడా లేదు. ముందు అత్త నిలబడి ఉంది, పాదాల నుంచి తల దాకా, నోరు బార్లా తెరిచి నవ్వుతూ. కింద రాసింది: వంతెన రాలేదు, నేను వచ్చాను. నాకు కాబోయే ఆయన అది చూసి ఈ ఫోటో పెద్దది చేయించి మనింట్లో పెట్టుకుందామన్నాడు. ఈ మనిషితో బతకవచ్చునని నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

అత్త తూర్పుకు పోయి పడమటి నుంచి వచ్చింది. మా గడప తొక్కలేదు. తిన్నగా స్టూడియోకు పోయి, లోపలి గదిలో మంచం వేయించుకుని, మర్నాడు తలుపులు తెరిచింది. నేను రోజూ వెళ్ళేదాన్ని. ముఖం ఎండకు కమిలి, మోకాలికి పట్టీ వేసుకుని, హాయిగా ఉంది. చూసిన చోట్ల గురించి అడిగితే తీసినవాళ్ళ గురించి చెప్పేది. బెలూన్ల ఆవిడ ఫోను ఇచ్చేటప్పుడు తుడిచి ఇచ్చిందట. జీపు డ్రైవరు తనే పెద్ద ఫోటోగ్రాఫరులా ఉప్పులో బోర్లా పడుకుని మరీ తీశాడట.

పెళ్ళి దగ్గరపడింది. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది అమ్మ పరిస్థితి. ఒకరోజు నాన్న అమ్మ చేత కబురు పంపాడు. పెళ్ళికి ఫోటోలు తీస్తే జరిగిందంతా మరిచిపోతాడట, మేడమీద గది మళ్ళీ ఆమెదేనట. నాన్న లెక్కలో అది చాలా పెద్ద మనసు. నేను అక్కడే ఉన్నాను. అత్త ఎవరిదో కోటుకు క్లిప్పులు పెడుతోంది, చేయి ఆపలేదు.

"పెళ్ళికి వస్తానని చెప్పు వదినా. కెమెరా రాదు."

గది సంగతి ఏమని చెప్పమంటావని అమ్మ అడిగింది. గదికి గాలి తగలాలి, కిటికీ తెరిచి ఉంచమను అంది అత్త. అవునో కాదో తేలని ఆ మాట నాన్నకు చెప్పే ధైర్యం అమ్మకు లేకపోయింది, నేనే చెప్పాను.

పెళ్ళి రోజు అత్త వస్తుందా రాదా అని మా వాళ్ళంతా గుసగుసలు. వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, వాటిని ఏం చేయాలో తెలియనట్టు ఒకటి రెండుసార్లు భుజం తడుముకుంది, ఎప్పుడూ కెమెరా పట్టీ ఉండే చోట. తర్వాత ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది. నాన్న చూశాడు. చుట్టాలను పలకరించడానికి అటు తిరిగాడు.

అంతా అయ్యాక కుటుంబం ఫోటో అన్నారు. నేనూ మా ఆయనా నిలబడ్డాం. నాన్నా అమ్మా మా పక్కన నిలబడ్డారు. అత్త కుర్చీతో సహా వచ్చి మా ముందు కూర్చుంది. ఫోటోగ్రాఫరు ఆమెను ఎరగడు. కెమెరాలోంచి చూసి, మర్యాదగానే చెప్పాడు.

"అమ్మా, మీరు కొంచెం పక్కకు జరగండి. ఫ్రేములో పడుతున్నారు."

 నాన్న గొంతు సవరించుకున్నాడు. నేను అత్త భుజం మీద చేయి వేసి గట్టిగా పట్టుకున్నాను, లేస్తుందేమోనని. లేవలేదు.

"పడాలనే కూర్చున్నాను బాబూ," అంది అత్త. "నువ్వే వెనక్కి జరుగు. అందరం పడతాం."

అతను ఏం చేయమంటారన్నట్టు నాన్న వైపు చూశాడు. మేమంతా నాన్న వైపు చూశాం. నాన్న చొక్కా సర్దుకుని కెమెరా వైపు తిరిగాడు. ఫోటోగ్రాఫరు వెనక్కి జరిగాడు, వీపుకు గోడ తగిలేదాకా.