పల్లీలు లేవన్న మాట

మొన్న మా సోలాపూర్‌లోనే, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో నాకు వదిన వరుసయ్యే ఆవిడ తన మనవడికి తొట్టెల వేడుక చేస్తే, ఏడేళ్ళ నా మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ పిల్లకు పల్లీలు పడవు. పడవంటే అరగకపోవడం అనుకునేరు, ఒక్క పలుకు నోట్లో పడినా పెదవులు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందకుండా పోతుంది. డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు, బళ్ళో టీచరుకు చెప్పి ఉంచాం, సూదిమందు సంచి ఎక్కడికెళ్ళినా మా చంకలోనే ఉంటుంది. పంక్తిలో కూర్చున్నాక నా మనవరాలు మర్యాదగానే, ఇందులో పల్లీలున్నాయా అని అడిగింది. వడ్డిస్తున్న ఆ వదిన నవ్వి, "సోలాపూర్ల పుట్టి షేంగా చట్నీ తినవా, ఏం నఖరాలే పోరీ? జరంత తింటే ఏంగాదు తియ్" అంటూ చెంచాడు పల్లీల చట్నీ రొట్టె మీద వేయబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, అంతటితో ఊరుకోక నలుగురిలో ఆవిడను కడిగేశాను. పిలిచి పెడితే తిట్టిపోయిందని ఆవిడ ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉందట. ఉండనీ.

ఆ 'జరంత' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండడం ఇవాళ కొత్త కాదు. దాజీ పేట్‌లో మా పుట్టిల్లంటే ముందు గదిలో నాన్న మగ్గం, వెనక గదిలో వంట, రెంటి నడుమ చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ, మేనత్త. చద్దర్లు నేసే నాన్నకు తీరిగ్గా కూర్చుని తినే వేళ ఎక్కడిది, జొన్నరొట్టెలో పల్లీల చట్నీ పెట్టి చేతికిస్తే అదే ఆయన భోజనం. కూరల్లో పల్లీల పొడి, ఉపవాసమొస్తే సగ్గుబియ్యం కిచిడీ నిండా పల్లీలు. ఏకాదశి నాడు పేటంతా ఉపవాసమని కడుపు నిండా ఫలహారం చేస్తుంటే, నిజంగా ఉపవాసమున్నది మా చెల్లెలొక్కతే.

నాకంటే ఆరేళ్ళు చిన్నది. పల్లీలు నోట్లో పడితే నాలుకకు చీమలు కుట్టినట్టుంటుందని మాటలు కూడబలుక్కునే వయసు నుంచీ చెప్పేది. వినేవాళ్ళకు అదొక వేడుక. మేనత్త దాన్ని చీమల రాణి అని పిలిచేది, చుట్టుపక్కల వాళ్ళు వచ్చి మళ్ళీ చెప్పించుకుని నవ్వేవాళ్ళు. ఏ తిండి పడదో చెప్పడానికి ఆ పిల్లకున్నది నోరొక్కటే, ఆ నోటి మాటను మా ఇంట్లో ఎవ్వరూ లెక్కచేయలేదు. వేరేగా వండిపెట్టమని అది ఎన్నడూ పేచీ పెట్టలేదు, ఉత్త రొట్టె మజ్జిగలో ముంచుకు తిని లేచిపోయేది.

ఒకనాడు మధ్యాహ్నం అమ్మ చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు వెళ్ళింది. మేనత్త నన్ను వంటగదిలోకి పిలిచి, "కండ్లకు కనవడితేనే దానికి నఖరాలు. మెత్తగ నూరి వంకాయ కూరల కలుపు పిల్లా, ఎర్కనే గాదు. ఒక్కపారి తిన్నదంటె ఇగ అలవాటైతది" అంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. చెల్లెలి పిచ్చి వదిలిస్తున్నామని లోపల ఏదో గొప్పగా కూడా అనిపించింది. కూరలో వేసే నువ్వుల పొడి రంగులో కలిసిపోయేలా పల్లీలు నేనే నూరాను, నేనే కలిపాను, నేనే వడ్డించాను. చెల్లెలు కంచం ముందు కూర్చుని నా ముఖం వంక చూసి అడిగింది.

"అక్కా, ఇండ్ల పల్లీలు లేవు గద?"

లేవన్నాను. అది ఇంకో మాట లేకుండా తినడం మొదలుపెట్టింది.

మూడో ముద్దకు గొంతు పట్టుకుంది. ముఖం ఉబ్బి కళ్ళు పూడుకుపోయాయి, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. నాన్న మగ్గం మీది నుంచి దూకి దాన్ని భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తి, ఎదురొచ్చిన రిక్షా ఎక్కాడు. ఆసుపత్రిలో సూది పొడిచాక చాలాసేపటికి గాని పెదవుల నల్లదనం తగ్గలేదు. పల్లీలు దీనికి విషంతో సమానమని డాక్టరు నాన్నకు గట్టిగా చీవాట్లు పెట్టి పంపాడు. ఇంటికొచ్చిన పిల్లకు మా మేనత్త చేసిందేమిటో తెలుసా, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఎవరి దిష్టి, ఏమి దిష్టి? కంచంలో విషం పెట్టిన చేతులు మావి. తెలియక జరిగిందని మా వాళ్ళు నేటికీ సర్దిచెబుతారు, ఆ కాలంలో ఇలాంటివి ఎవరికి తెలుసంటారు. తెలియలేదంటే ఎలా ఒప్పుకోను, ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పలేదు? మేనత్త ఎప్పుడో పోయింది, ఆవిడ మీద కోపం మాత్రం నాలో అలాగే ఉంది. అందులో సగం నా వాటా అని కూడా నాకు తెలుసు.

ఇప్పుడు కాలం ఎంత మారిందని. నా కోడలు బిస్కెట్ పొట్లం కూడా వెనక రాసింది చదవకుండా విప్పదు, మనవరాలి స్నేహితురాళ్ళే ముందుగా అడిగి మరీ తినిపిస్తారు. ఈ పిల్ల పుట్టాక నా వంటింట్లోకి పల్లీ గింజ రాలేదు, ఆ సంగతి మా చెల్లెలికీ తెలుసు. అదీ ఇప్పుడు మనవల్ని ఎత్తింది, నాలుగు వీధుల అవతలే ఉంటుంది, పండగకూ పబ్బానికీ మా ఇంటికి తప్పకుండా వస్తుంది, నాతో నవ్వుతూనే మాట్లాడుతుంది. ఆనాటి సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు, ఎత్తి తిట్టినా బాగుండేది. అందరికీ నేను వడ్డిస్తుంటే అది నా ఎదుటే పంక్తిలో కూర్చుని, సంచిలోంచి తన ఇంటి డబ్బా తీసి మూత విప్పుకుంటుంది.