బస్వరాజన్నకు దొరకని ఒక్క లైన్

నిన్న పొద్దుగాల బస్వరాజన్న కొడుకు ఫోన్ చేసిండు.
"అత్తా, నాయిన పోయిండు."
ఇప్పటికీ నమ్మబుద్ధి అయితలేదు.

అన్నను ఎరగనోళ్ల కోసం చెప్తున్న. ఎనభైలల్ల జహీరాబాద్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీ కంప్యూటర్ రూంల కలిసి పనిచేసినం. ఆయన ప్రోగ్రామర్, నేను ఆపరేటర్.

ఏ ఊరి చెరుకు ఎప్పుడు కొట్టాల్నో మా ప్రోగ్రామే పర్మిట్ ఇచ్చేది. అది లేకుంటే ఫ్యాక్టరీ చెరుకు తీసుకోదు. దాన్ని మేం బొంత అనేటోళ్లం. పాత కోడ్ ముట్టుకుంటే ఏం ఆగిపోతదో అని భయం. ఏం మార్చాలన్నా మీదికెళ్లి ఇంకో పీలిక కుట్టుడే.

ఒక్క ఊరి పేరు కలపాలన్నా వారాలు పట్టేది.

"సార్, జర టైం ఇయ్యిన్రి, మొత్తం కొత్తగ రాస్త" అని అన్న అడుగుతనే ఉండె.
"నడుస్తున్నది కదా, ఎందుకు కెలుకుతవ్?" అనేటోడు మేనేజర్.

ఒక సీజన్ల కోహీర్‌కు పర్మిట్లు పోయినయ్. మొగుడంపల్లికి పోయినయ్. రాయికోడ్‌కు పోలే.

రాయికోడ్ అన్న సొంతూరు. చేన్ల చెరుకు ఎండుతున్నది. వాళ్ల నాయిన గేటు కాడికొచ్చి, "ఏమైందిరా బస్వా, మన ఊరేం పాపం చేసింది?" అన్నడు.

ప్రింటౌట్లు కింద పరుచుకొని వెతికినం. మిగతా పనులన్నీ బంద్. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడిపోయేది.

దొరికింది. "రాయికోడ్ వస్తే వదిలెయ్" అని ఒక లైన్.

కొలువుల చేరిన కొత్తల టెస్టింగ్ కోసం అన్ననే రాసిండు. టెస్ట్ అంటే ఎవరికైనా ముందుగాల యాదికొచ్చేది సొంతూరే కదా. తర్వాత ఆ భాగం ఎవ్వరూ వాడలే, అది అట్లనే కింద పడి ఉండె. ఆ ఏడు మేం కుట్టిన కొత్త పీలిక దాన్ని లేపింది.

"నేను రాసిందే నాకు దొరకలే చెల్లె" అని ఏడ్చిండు.

అప్పటికే ఆలస్యమైంది, ఊరి చెరుకు ఎండిపోయింది. అన్న ఊరికి పోయి, అందరి ముందట తప్పు నాదే అని ఒప్పుకున్నడు. వాళ్ల నాయిన చానా దినాలు ఆయనతోని మాట్లాడలే.

అంత జరిగినా కొత్తగ రాయనియ్యలే. ఆ లైన్ ఒక్కటి తీసేసి, బొంతనే నడిపించిన్రు. నాకు ఇప్పటికీ కడుపు మండుతది.

పోయిన వారం దవాఖానకు పోయిన. అన్నకు సగం సోయి లేదు. నా చెయ్యి పట్టుకొని, "రాయికోడ్ పర్మిట్లు పోయినయా?" అని అడిగిండు.

"పోయినయ్ అన్నా. అందరియి పోయినయ్" అని చెప్పిన.

అప్పుడు కండ్లు మూసుకొని నిద్రపోయిండు.

పోయిరా అన్నా. ఇగ ఏ ఫికర్ లేకుంట నిమ్మళంగ పండుకో.