మేకుల చెక్కలో రెండో బెజ్జం

ఆరేళ్లు. ఆరేళ్లుగా ఒకే ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగితే దిగలేదు, చెప్పబోతే రాలేదు. ఇంక నా వల్ల కాదు, చెప్పేస్తాను.

నేను చదువుకున్నదాన్ని కాను. సంతకం పెడతాను, అందులోనూ ఒక గీత ఎక్కువే పడుతుంది. అందుకే మా వీధి పంతులమ్మను కూర్చోబెట్టుకుని చెబుతున్నాను, ఆమె రాస్తోంది. నా కంఠం రంపం కోసినట్టుంటుంది, మాట మొరటు. కాస్త పుస్తకంలో ఉన్నట్టు సరిచేసి రాయమన్నాను. మధ్యలో ఆపి, నిజంగానా అని మాత్రం అడగొద్దన్నాను. అడిగితే మళ్లీ మూసుకుపోతాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు నోరు తెరవలేకనే కదా ఇన్నేళ్లు గడిచాయి.

మాది తిరుత్తణి పక్కన నేతగాళ్ల ఊరు. ఈ ఏడు మమ్మల్ని మదరాసు రాష్ట్రంలో కలిపారు. నేను చెప్పే సంగతి జరిగినప్పుడు మేము ఆంధ్రలో ఉన్నాం, తిరువళ్ళూరు మదరాసులో ఉండేది. ఊరు ఇటా అటా అని మగవాళ్లు అరుగుల మీద గొంతులు చించుకుంటుంటే నాకు విసుగు పుట్టేది. ఎటు ఉంటే ఏం? నూలు తిరువళ్ళూరు నుంచి రావాలి, నేసిన చీర తిరువళ్ళూరు అంగడికే పోవాలి.

మా ఆయన మేస్త్రీ. పోయి రెండేళ్లయింది. ఆయన కింద ఎనిమిది మగ్గాలు ఒకే కొట్టంలో ఉండేవి. ఒక్కో మగ్గం నెత్తిన ఒక జకార్డు పెట్టె. తెలియనివాళ్లకు చెబుతున్నాను, చీర అంచులో రుద్రాక్ష రావాలా, హంస రావాలా అన్నది నేసేవాడి చేతిలో ఉండదు. బెజ్జాలు కొట్టిన అట్టలను వరసగా కుట్టి ఆ పెట్టెకు తగిలిస్తారు. ఏ అట్టలు తగిలిస్తే ఆ అంచు వస్తుంది. అట్టలు మార్చామంటే అదే మగ్గం వేరే మగ్గం అయినట్టు.

ఏ మగ్గానికి ఏ పని, ఎవరి వంతు ఎప్పుడు, ఏ అట్టలు ఎక్కించాలి, ఇదంతా మా ఆయన తలలో ఉండేది. ఆయన తలలో అంటే సగం నా నోట్లో. నాకు నచ్చినవాళ్లకు కల్యాణం చీరలు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నవాళ్లకు లుంగీలు. ఆడవాళ్లు పొద్దున్నే మా పెరట్లోకి వచ్చేవాళ్లు. ఒకామె మునగాకు తెచ్చేది, ఒకామె చెంబుతో మజ్జిగ. ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివరికి లేచేటప్పుడు, మామతో ఒక మాట చెప్పరాదా అక్కా, అనేవాళ్లు. చెప్పేదాన్ని. కొన్నిసార్లు చెబుతానని చెప్పేదాన్ని కాదు. అది కూడా నాకు బాగుండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేముంది?

అట్లాంటి ఇంట్లో మా మరిది ఆ చెక్క చేశాడు. అతని పేరు ఇక్కడ చెంగల్రాయుడు అనుకోండి. పెళ్లాం పోయాక మా ఇంట్లోనే తినేవాడు. వంతుల కోసం ఇద్దరు నేతగాళ్లు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్న రోజున, అతను లేచిపోయి, నాలుగు దినాలకు ఒక పనస చెక్కతో వచ్చాడు. చెక్క మీద ఎనిమిది వరసలు, మగ్గానికి ఒకటి. వరసకు మూడు బెజ్జాలు. బెజ్జాల్లో గుచ్చడానికి కొయ్య మేకులు. ఎర్ర మేకు కల్యాణం చీరలు, పచ్చ మేకు రోజువారీ చీరలు, తెల్ల మేకు లుంగీలు. మేకు మొదటి బెజ్జంలో ఉంటే పని ఇప్పుడే, రెండో దాంట్లో ఉంటే తరవాత, మూడో దాంట్లో ఉంటే ఆ తరవాత. అక్షరం రానివాళ్లు కూడా గుమ్మంలో నిలబడి చదువుకోవచ్చు. పోట్లాటలు ఆగిపోయాయి.

ఎండలు ముదిరే పంగుని నెలలో దాన్ని మళ్లీ మార్చాడు. వంతు చూసుకోవడానికి పక్కన పూసల తాడు కట్టాడు. బెజ్జాలను అంచులకు వాడాడు. మొదటిది రుద్రాక్ష, రెండోది హంస, మూడోది మామిడి పిందె. ఇంక అట్టలు ఎక్కించేవాడు కూడా ఎవరినీ అడగనవసరం లేదు. ఈ సంగతి కొట్టంలో అందరికీ చెప్పాడు. నాకూ చెప్పాడు. నేను సంగటి పెడుతుంటే, పళ్లెం పక్కన నేల మీద వేలితో గీసి మరీ చెప్పాడు. నేను ఆఁ ఆఁ అన్నాను. వినలేదు. ఆ చెక్క పేరెత్తితేనే నాకు ఒళ్లు మండేది.

వినలేదా? నిజంగా వినలేదా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. బెజ్జం అన్న మాట చెవిన పడింది. అంచు అన్న మాట కూడా పడింది. రెంటినీ కలిపి నేను ఆలోచించలేదు. ఆలోచించకపోవడం కూడా నేను చేసిన పనే కదా?

మూడు నెలల్లో మా పెరడు ఖాళీ అయింది. ఒకనాడు పొద్దున ఐదో మగ్గం నేసేవాడి పెళ్లాం మునెమ్మ మా గుమ్మం ముందు నుంచే వెళ్లిపోతూ ఉంటే పిలిచాను.

"ఏమ్మే మునెమ్మా, యాడికి? మా ఇల్లు కండ్లకు ఆనడంలేదా?"

"కొట్టం కాడికి అక్కా. చెక్క చూసుకోని వస్తా. మాకు ఎర్ర మేకు పడిండాదంట."

"మామను అడిగితివా?"

"మామనేల అడిగేది, నిన్నేల పీకేది? చెక్కే చెప్తా వుండాది గదా. ఇంక నీకూ ఈ పీకుడు తొందరవు తప్పిందిలే అక్కా!"

"మునగాకు ఈమధ్య చిగురెయ్యలేదా ఏం మీ చెట్టుకి?"

"ఎయ్యకేం. మేమే చారు పెట్టుకోని తాగతా వుండాం. బో రుచిగా వుండాదిలే!"

నవ్వుతూ వెళ్లిపోయింది. ఆమెలో విషం లేదు, నాకు తెలుసు. ఉన్నమాటే చెప్పింది. అదే నాకు కారం పూసినట్టయింది.

అప్పటికే అన్నదమ్ములిద్దరి మధ్య ఒక ఒప్పందం నడుస్తోంది. చెంగల్రాయుడు రంగు నూలు కోసం ఎనిమిది దినాలు తిరువళ్ళూరులో ఉండాలి. అతను లేకుండా, ఎవరి నోటి మాటా లేకుండా, చెక్కను చూసుకునే కొట్టం నడవాలి. నడిస్తే మా ఆయన ఇంకో నాలుగు మగ్గాలు వేయిస్తాడు, మొత్తం పన్నెండూ తమ్ముడి చేతిలో పెడతాడు. చెంగల్రాయుడు మేకులన్నీ సరిచూసుకుని, మళ్లీ ఒకసారి సరిచూసుకుని, కనకమ్మ సత్రం దాకా నడిచి బస్సెక్కాడు.

అదే రోజు మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయారు. నేను గంజి కుండ కోసం కొట్టంలోకి వెళ్లాను. చెక్క గోడకు ఉంది. ఐదో వరస, మొదటి బెజ్జం, ఎర్ర మేకు. దాన్ని తీసి రెండో బెజ్జంలో పెట్టాను.

ఇంతే. చెప్పడానికి ఎంత చిన్నగా ఉందో చూడండి. ఆమె వంతు వెనక్కి పోతుంది, పని కోసం మా పెరట్లోకి వచ్చి కూర్చుంటుంది, నేను మా ఆయనతో ఒక మాట చెబుతాను, అనుకున్నాను. అంతకు మించి నేనేమీ కోరలేదు. పూసల తాడు పక్కనే వేలాడుతోంది. అదెందుకుందో నేను ఆలోచించలేదు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఇది నా చాదస్తం అని సరిపెట్టుకునేదాన్ని. ఆగలేదు. సాయంత్రం బియ్యం కడుగుతుంటే కొట్టంలో నుంచి మునెమ్మ మొగుడి గొంతు వినిపించింది.

"ఏం మామా, కల్యాణం చీరకు హంస అట్టలు ఎక్కించినారే? రుద్రాక్షని గదా అంటిరి?"

మా ఆయన అరిచాడు. "చెక్కలో ఏముంటే అది నెయ్యరా! చెక్క ఉండంగా నన్నేల అడిగేది? నాకేం గ్యాపకం వుంటాదా?"

నిజమే, ఆయనకు గుర్తు లేదు. చెక్క వచ్చాక తలలో పెట్టుకోవడం మానేశాడు. నాకు గుర్తుంది. రుద్రాక్ష అంచు అడిగారని, పెళ్లివాళ్ల ఇంటి ఆచారమని నాకు తెలుసు. బెజ్జం ఇప్పుడు వంతు కాదు, అంచు అని అప్పుడు అర్థమైంది. చేతిలో బియ్యం అట్లాగే ఉండిపోయింది. పది అడుగులు వేసి ఒక్క మాట అంటే చాలు, నూలు పోగు కూడా చెడదు.

అనలేదు. ఎందుకు? మేకు ఎవరు జరిపారని అడుగుతారు. ఆ తరవాత? మేస్త్రీ పెళ్లాం మునగాకు కోసం మేకు జరిపిందని ఎనిమిది ఇళ్లవాళ్లూ నవ్వుతారు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు చీర జానెడు వచ్చింది. ఎల్లుండికి మూరలు మూరలు వచ్చింది. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా పెద్ద తప్పులా కనిపించింది. మేకు జరిపినందుకు కాదు నేను ఇది చెబుతున్నది. ఆ ఎనిమిది దినాల మౌనానికి.

చెంగల్రాయుడు నూలు మూటతో తిరిగి వచ్చిన రోజునే చీరల కోసం అంగడాయన కూడా వచ్చాడు. చీర విప్పి, "ఎన్నయ్యా ఇదు? హంసం యార్ కేట్టా?" అన్నాడు. హంసలు ఎవరడిగారయ్యా అని. మళ్లీ నేయించడానికి ముహూర్తం ఆగదు. పని వేరే ఊరికి వెళ్లిపోయింది. మా ఆయన తమ్ముడి మీద పడి అరిచిన అరుపులకు వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. చెంగల్రాయుడు చెక్క ముందు నిలబడి ఐదో వరసనే చూస్తూ ఉన్నాడు. రెండో బెజ్జంలోని ఎర్ర మేకును వేలితో తాకాడు.

"నేనే తప్పుగా పెట్టింటాను అన్నా. ఊరికి పోయే తొందరలో నా చెయ్యే జారిండాది."

నేను గుమ్మం పక్కనే ఉన్నాను. అప్పుడైనా! అప్పుడైనా నోరు తెరవకూడదా? తెరవలేదు.

కొత్త మగ్గాలు రాలేదు. చెక్క కోళ్ల గూటికి తలుపయింది. చెంగల్రాయుడు అన్న కొట్టంలోనే ఒక మగ్గం గుంటలో దిగి కూలికి నేయడం మొదలుపెట్టాడు. ఆ తరవాత ఒక్క వస్తువు చేయలేదు. ఎవరి జకార్డు పెట్టె చెడిపోయినా, వేరేవాళ్లను పిలుచుకోండి, నా చేతిని నేను నమ్మను, అనేవాడు. తలుపు గడియ వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. మునెమ్మ మళ్లీ మా పెరట్లోకి రావడం మొదలుపెట్టింది. నేను కోరుకున్నది నాకు దొరికింది. ఆమె తెచ్చిన మునగాకును చూస్తే నాకు చిరాకు, ఆమె ముఖం చూస్తే చిరాకు. అన్నిటికన్నా చెంగల్రాయుడి ప్రశ్న!

అన్నానికి కూర్చున్నప్పుడల్లా అదే. మొదటి ముద్ద కలుపుతూనే అడిగేవాడు. "వదినా, ఆ దినం పొద్దున నేను చెక్క ముందర నిలబడుకోనుంటే నువ్వు కల్లాపి చల్లతా వుంటివి గదా. నేను ఏ బెజ్జంలో పెట్టినానో చూసినావా?" నాకేం తెలుసు, తినవయ్యా, అని గసిరేదాన్ని. పోయినదాన్ని ఇంకా ఎందుకు తవ్వుతావు అనేదాన్ని. అతని మీద కోపం కూడా వచ్చేది. తప్పు చేసింది నేను, ఆ తప్పును వదలకుండా వెతుకుతున్నది అతను, నాకేమో అతని మీద కోపం! ఇంతకన్నా సిగ్గులేనితనం ఇంకేముంటుంది? అన్నం తిన్నాక కూడా అతని చూపుడు వేలు పళ్లెం అంచు మీద కదులుతూ ఉండేది. ఆ పొద్దుటి మేకులన్నీ మళ్లీ ఒక్కొక్కటే గుచ్చుకుంటూ వచ్చేవాడు. ఐదో వరస దగ్గర వేలు ఆగిపోయేది.

పోయిన నెల నేతగాళ్ల సంఘం వాళ్లు ఇంటికి వచ్చారు. తిరుత్తణిలో పిల్లకాయలకు జకార్డు పని నేర్పించడానికి మనిషి కావాలి, చెంగల్రాయుడి పేరే అందరూ చెప్పారన్నారు. అతను చేతులు జోడించాడు. తప్పు పోయే చెయ్యి నాది, పిల్లకాయలకు అదే నేర్పించమంటారా, అన్నాడు. వాళ్లు బతిమాలారు. అతను లేచి వెళ్లి తన మగ్గం గుంటలో కూర్చున్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక అన్నం పెట్టాను. ముద్ద కలిపాడు. వదినా, అని మొదలుపెట్టాడు. అతన్ని పూర్తి చేయనివ్వలేదు. మేకు నేనే జరిపానన్నాను. అరిచినట్టే అన్నాను, నా గొంతు అంతే. మునెమ్మ మీద ఉక్రోషంతో జరిపాననీ, సాయంత్రమే తెలిసినా నోరు మూసుకున్నాననీ చెప్పాను. కాళ్లు పట్టుకుందామని వంగబోయాను, నడుము వంగలేదు.

తిడతాడనుకున్నాను. ఎందుకు చేశావు అంటాడనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అతను అడిగింది వేరే.

"ఏ బెజ్జంలో నుంచి తీసినావు?"

"మొదటి దాంట్లో నుంచి."

"బాగా గ్యాపకం వుండాదా?"

"వుండాది."

కళ్లు మూసుకున్నాడు. పళ్లెం అంచు మీద వేలు కదిలింది, ఒకటో వరస, రెండో వరస, మూడు, నాలుగు. ఐదో వరస దగ్గర ఈసారి ఆగలేదు. ఎనిమిదో వరస దాకా పోయింది. తరవాత కలిపిన ముద్దను పళ్లెంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

మూడు వారాలయింది. మా ఇంటికి అన్నానికి రావడం లేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు కూడా. కొట్టంలో ఇప్పటికీ అది అతని తప్పేనని అనుకుంటున్నారు. అందుకే పంతులమ్మను పిలిచాను. మీకు పంపే ముందు, రేపు ఈ కాగితాన్ని కొట్టంలో అసలు పేర్లతో చదివి వినిపిస్తానంది. నేను ఎదురుగానే కూర్చుంటాను. నవ్వితే నవ్వనీ, ఉమ్మితే ఉమ్మనీ. అతను క్షమించాడో లేదో నాకు తెలియదు, అడగను. చెక్క తప్పు చెప్పలేదు. అతని చెయ్యి జారలేదు. జరిపింది నేను. రాసుకో పంతులమ్మా, ఆ ఒక్క మాటను మాత్రం సరిచేయకుండా నేను అన్నట్టే రాసుకో. జరిపింది నేను.