తాయారమ్మ ఎదురుచూసిన మనిషి

ముప్పై ఏళ్లకు పైగా ఓడల ఇంజన్ గదుల్లో పనిచేయడంతో కన్నారావుకు చెవులు కొంచెం మొద్దుబారాయి. అందుకే పోర్ట్ బ్లెయిర్ శివారు గరాచర్మలోని ఆ ఇంట్లో ఆయన ఏం మాట్లాడినా పక్కింటికి వినపడుతుంది. భార్య తాయారమ్మ సంగతి మాత్రం ఏడాదిన్నర పాటు ఆయన గడప దాటనివ్వలేదు.

కన్నారావు పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. తండ్రి భీమిలి వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి రేవులో కూలికి కుదిరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, రెండూ ఆయనకు ఊహ తెలియకముందే వచ్చేశాయి. తాయారమ్మకు అలా కాదు. కళింగపట్నం పక్క పల్లె నుంచి పంతొమ్మిదో ఏట పెళ్లయి ఓడెక్కి వచ్చింది. అప్పటికి హిందీ ముక్క రాదు. ఏడాది తిరిగేసరికల్లా బజారులో చేపలమ్మే బెంగాలీ ఆడవాళ్లతో హిందీలో బేరమాడి, నవ్వించి, రెండు చేపలు ఎక్కువ వేయించుకునే దాకా వచ్చింది.

భర్త నెలలో సగానికి పైగా సముద్రం మీదే. కార్ నికోబార్, కమోర్టా, కాంప్‌బెల్ బే రేవులు. ఇంటి గోడలు లేపించింది, కూతురు సుచరితను చదివించింది, మామగారిని చివరిదాకా చూసుకుంది ఆవిడే. ఓడ దిగి వచ్చిన ప్రతిసారీ కన్నారావు, "అంతా బాగుందా?" అని అడిగేవాడు. "బాగానే ఉంది" అనేది. ఆయన నమ్మేవాడు.

ఆయన రిటైరయ్యాక ఆరేళ్లు బాగానే గడిచాయి. తర్వాత పప్పు మాడడం మొదలైంది. గ్యాస్ మీద ఏదో పెట్టి మరిచిపోయేది. పెద్ద వయసులో ఎవరికైనా ఉండేదే అనుకున్నాడాయన. కానీ ఒకరోజు పక్కింటి మాలతి దీదీ ప్రహరీ మీదుగా ఎప్పటిలాగే హిందీలో పలకరిస్తే, తాయారమ్మ అర్థం కానట్టు ఆమె నోటివంకే చూసి, లోపలికొచ్చి, "ఆవిడేటి మాటాడతంది?" అని అడిగింది. నలభై ఏళ్ల హిందీ నాలుగు నెలల్లో పోయింది. పుట్టింటి తెలుగొక్కటే మిగిలింది. ఇది మామూలు మతిమరుపు కాదని, మెదడుకు వచ్చిన జబ్బని, కొందరికి తర్వాత నేర్చిన భాష ముందు పోతుందని పెద్దాసుపత్రి డాక్టర్ చెప్పాడు.

ఆ తర్వాత పోయింది కన్నారావే.

ఒక ఉదయం టీ ఇస్తుంటే ఆవిడ కొంగు భుజం నిండా కప్పుకుని వెనక్కి జరిగింది. "ఎవులు బాబూ నువ్వు? మా ఇంటాయన ఓడ మీదున్నాడు. మొగోళ్లు లేనింటికి ఇలగ వొచ్చీకూడదు."

"తాయారూ, నేనే!" అని ఆయన గోడ మీది పెళ్లి ఫోటో దించి చూపించాడు.

ఆవిడ ఫోటో మీద వేలు పెట్టి, "ఈయనే మా ఆయన. నువ్వు ముసలోడివి కదా" అంది. జాలిగానే అంది.

ఇల్లు అక్కడి నుంచే కష్టమైంది. అన్నం పెడితే తినేది, కానీ ఒంటి మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. పరాయి మగవాడు స్నానం చేయిస్తానంటే ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది? నాలుగైదు రోజులు అదే చీర. తడిసినా మార్చనివ్వదు. బతిమాలి, కోప్పడి, చివరికి చెయ్యి పట్టుకుని లాగి, ఆవిడ వేసిన కేకలకు తనే సిగ్గుపడి వదిలేసేవాడు. దుప్పట్లు తెల్లవారుతూనే ఉతికి, వీధిలోకి కనబడకుండా పెరట్లో ఆరేసేవాడు. డిగ్లీపూర్ స్కూల్లో టీచరుగా ఉన్న సుచరిత ఫోన్ చేస్తే, "అమ్మ బాగానే ఉంది, పడుకుంది" అనేవాడు.

ఒక్కసారి నోరు తెరవబోయాడు. డైరీ ఫార్మ్ అనే పేట నుంచి పాత ఓడ స్నేహితుడు సత్యారావు భార్యతో కలిసి వచ్చాడు. ఆవేళ తాయారమ్మ నిండుగా నవ్వి, "కూకోండి, టీ తాగుతారా? పిల్లలు బాగున్నారా?" అని మర్యాదగా అన్నీ అడిగింది. కన్నారావు గేటు దగ్గర సంగతి చెప్పబోతే సత్యారావు భార్య నవ్వేసింది. "వదిన లక్షణంగా ఉంది. ఇంట్లో కూర్చుని కూర్చుని మీకే చాదస్తం ఎక్కువైంది అన్నయ్యా." వాళ్లు మలుపు తిరిగాక తాయారమ్మ, "ఆళ్లెవులు?" అంది. ఆయన మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

వానాకాలం మొదలయ్యాక ఆవిడ బయటికి వెళ్లడం మొదలుపెట్టింది. ఓడ వచ్చే వేళయిందని, జెట్టీకి వెళ్లాలని బస్టాపులో నిలబడేది. రెండుసార్లు తెలిసినవాళ్లు తీసుకొచ్చి దింపారు. దాంతో కన్నారావు బయటికి వెళ్తే వీధి తలుపుకు తాళం వేయడం అలవాటు చేసుకున్నాడు. పది నిమిషాలే కదా అనుకునేవాడు.

జులైలో ఒకరోజు మందుల కోసం ఊళ్లోకి వెళ్లాడు. జోరున వాన. రోడ్డు మీద చెట్టు పడి బస్సు ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి రెండు గంటలు దాటింది. కిటికీ ముందు మాలతి దీదీ తడుస్తూ, చువ్వల్లోంచి తాయారమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. అద్దం పగిలింది. తాయారమ్మ మణికట్టు దగ్గర తెగి నెత్తురు కారుతోంది.

"భాయీసాబ్, ఔరత్ హై, బక్రీ నహీ," అంది మాలతి దీదీ. ఆడమనిషిని మేకను కట్టేసినట్టు కట్టేస్తావా అని.

తలుపు తియ్యగానే తాయారమ్మ పరుగున వచ్చి ఆమె వెనక దాక్కుంది. "ఈడే అక్కా! ఈడే నన్ను లోపలెట్టి తాళమేసీసినాడు. మా ఆయనొచ్చినాక సెప్తాను." మాలతి దీదీకి ఆ తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనవాడు తడి మెట్ల మీద కూర్చుని, వీధి చూస్తుందన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు.

మాలతి దీదీ గాయం కడిగి గుడ్డ కట్టింది, టీ పెట్టింది. కన్నారావు మొదటిసారి ఉన్నదంతా చెప్పాడు. హిందీలో చెప్పడం ఆయనకు ఎందుకో తేలికనిపించింది. మాలతి దీదీ అత్తగారూ ఇదే జబ్బుతో పోయిందట. "నువ్వే మొగుడివని రోజూ సాక్ష్యం చూపించి ఏం సాధించావు? ఆమెకు భయం పెరిగింది, నీకు కోపం పెరిగింది. బహస్ మానెయ్యి, వాదన వద్దు," అంది.

మర్నాడు కన్నారావు శుభ్రమైన చొక్కా వేసుకుని, గుమ్మం బయటే నిలబడ్డాడు. "అమ్మా, నేను ఓడ ఆఫీసు మనిషిని. కన్నారావుగారు పంపించారు. ఓడ కమోర్టాలో ఆగిపోయింది. వచ్చేదాకా మిమ్మల్ని చూసుకోమన్నారు."

తాయారమ్మ ముఖం విప్పారింది. "అలగైతే లోపలికి రా బాబూ. అన్నం తిన్నావా?"

నలభై రెండేళ్ల కాపురంలో ఆవిడ భర్తతో చెప్పనివన్నీ ఆ ఆఫీసు మనిషితో చెప్పడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంది: "మా గుంటకి మూడేళ్లప్పుడు జొరమొచ్చింది. తుపాను, బస్సుల్లేవు. బుజానేసుకుని ఆస్పత్రి దాకా నడిసినాను. దారిలో మెడ వాల్చీసింది. పోనాదనుకున్నాను బాబూ. రోడ్డు మీద కూలబడిపోనాను."

కన్నారావు చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కూతురికి అంత జబ్బు చేసిన సంగతే ఆయనకు తెలియదు. "మరి ఆయనకు చెప్పలేదా అమ్మా?"

"సెప్తే ఉజ్జోగం మానీస్తానంటాడు. ఓడంటే పేణం ఆయనకి."

"ఆయన మీద కోపం లేదా?"

"ఎందుకుండదు? శానా ఉంది. రానీ, అడుగుతాను."

కాళ్ల మీద పడి, వచ్చాను, అడుగు తాయారూ అనాలనిపించింది. అంటే ఆవిడ మళ్లీ భయపడుతుంది. "అడగండమ్మా. తప్పకుండా అడగండి," అన్నాడు.

ఆ సాయంత్రమే కూతురికి ఫోన్ చేశాడు. తాళం సంగతి కూడా దాచలేదు. "ఏడాదిన్నర నుంచి నాతో ఝూట్ చెప్తున్నావా నాన్నా?" అని అరిచింది సుచరిత. తర్వాత ఏడ్చింది. రెండో రోజు పొద్దున్నే బస్సెక్కి పొద్దుగూకే వేళకు దిగింది.

తల్లి ఆమెనూ గుర్తుపట్టలేదు. అంతకంటే పెద్ద చిక్కు మాటతో వచ్చింది. సుచరిత తెలుగులో సగం హిందీ. "అమ్మా, చలో, నహా లేదాం," అని స్నానానికి పిలిస్తే తాయారమ్మ కన్నారావు వైపు తిరిగి, "ఈ పిల్లది ఏ దేశం బాబూ?" అంది. తల్లీకూతుళ్ల మధ్య తండ్రి మాటలు అందించాల్సి వచ్చింది. సుచరిత ఒక నోటుబుక్కు తీసుకుని తల్లి మాటలు ఒక్కొక్కటే అడిగి, తెలుగు రాయడం రాక హిందీ అక్షరాల్లో రాసుకుంది. తానం. సీర. బువ్వ. కూకో. నాలుగో రోజు "అమ్మా, తానం సేద్దాం రా," అంది. తాయారమ్మ బుద్ధిగా లేచి వెళ్లింది. బాత్రూం తలుపు వెనక నీళ్ల చప్పుడు వింటూ కన్నారావు నడవలో నిలబడిపోయాడు.

సెలవు మూడు వారాలే. వెళ్లేముందు సుచరిత డాలీగంజ్‌లో ఇల్లిల్లూ తిరిగి, తల్లిని చూసుకోవడానికి సాయిలక్ష్మి అనే ఆవిడను వెతికి పట్టుకుంది. ఆవిడ ఇంట్లో ఇంకా శ్రీకాకుళం మాటే నడుస్తుంది. ఇప్పుడు ఆవిడ రోజూ ఉదయం వచ్చి స్నానం చేయించి, జడ వేసి, మధ్యాహ్నం దాకా ఉంటుంది. మణికట్టు మానింది కానీ తాయారమ్మ మాటలు తగ్గాయి. ఒక్కోరోజు ఆఫీసు మనిషిని కూడా పోల్చుకోదు. అలాంటి రోజు కన్నారావు మళ్లీ గుమ్మం బయటికి వెళ్లి, ఓడ ఆఫీసు మనిషినని మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంటాడు. విసుగు రాదని కాదు. వచ్చినప్పుడు మాలతి దీదీ అరుగు మీద కాసేపు కూర్చుంటాడు.

పోయిన గురువారం, "మీరు కొంచెం బయట తిరిగి రండి బావుగారూ, నానున్నాను కదా," అని సాయిలక్ష్మి ఆయనను బలవంతంగా పంపింది. ఎక్కడికి వెళ్లాలో తోచక సత్యారావు ఇంటికి వెళ్లాడు. వరండాలో కుర్చీలో కూర్చుని అంతా మొదటి నుంచి చెప్పసాగాడు. సత్యారావు మధ్యలో అడ్డు రాలేదు. తుపాను నాటి సంగతి దగ్గరకు వచ్చేసరికి కన్నారావు మాట ఆగిపోయింది. సత్యారావు చూస్తే, ఆయన తల ఒక పక్కకు వాల్చి నిద్రపోతున్నాడు. సత్యారావు లోపలికి వెళ్లి, పచ్చడి రుబ్బుతున్న భార్యతో మిక్సీ ఆపమని చెప్పి వచ్చి, తనూ చప్పుడు చేయకుండా పక్క కుర్చీలో కూర్చున్నాడు.