తీగ మీద పచ్చపిట్ట

శాంతిప్రియ మనసు ఒకదాని మీద పడిందంటే అది దొరికేదాకా తనూ కుదురుగా కూర్చోదు, ఎదుటివాళ్లనీ కూర్చోనివ్వదు. ఈసారి పడింది పహాడీ మైనా మీద. పరాయి రాష్ట్రంలో, బచేలీ రైల్వే క్వార్టర్లలో కాపురం పెట్టి ఇరవై ఏళ్లు దాటినా చర్చి, సంత, విజయనగరంలో పుట్టిల్లు తప్ప ఆమె చూసిందేమీ లేదు. పక్కింటి పూనం పోయిన చలికాలం కాంగేర్ లోయ అడవికి వెళ్లొచ్చి, విన్న మాట విన్నట్టు తిరిగి పలికే పిట్టను చూశానని ఊరించింది. అప్పట్నించి ఈమెకు కాలు నిలవడం లేదు.

శనివారానికి జీపు మాట్లాడేసింది. పులిహోర తనది, ఉడికించిన గుడ్లు పూనంవి. బైనాక్యులర్ కూడా అరువు తెచ్చేసింది. అన్నీ కుదిరాయి గానీ మొగుడే కుదరలేదు.

సురేష్‌బాబు కిరండూల్ లైన్లో ఇనపరాయి గూడ్సు నడిపే డ్రైవరు, ఆమెకు మేనత్త కొడుకు. దేనికైనా "నీ ఇష్టం" అని ఊరుకునే మనిషి, ఈ ప్రయాణం మాటెత్తితే మాత్రం రోజుకో వంక వెతుకుతున్నాడు. ఓరోజు చలన్నాడు, ఓరోజు నడుం నొప్పన్నాడు. పోనీ ఇంట్లో స్థిమితంగా ఉన్నాడా అంటే అదీ లేదు. లేస్తాడు, గుమ్మందాకా వెళ్తాడు, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ఆయన్ని చూస్తుంటే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

"పిట్టల్ని సూడ్డానికి అంత దూరం ఎల్లాలేటి? మన క్వార్టర్ల ఎనకాల నేవా?" అన్నాడు గురువారం పొద్దున.

"అయితే నడు బావా, ముందు అవే సూద్దాం. అలవాటవుద్ది," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

క్వార్టర్ల వెనక వాననీటి మడుగుంది. ఎండ అప్పుడే పైకొచ్చింది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు.

ఇంజన్లో ఒక పద్ధతుంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు తానూ చూసి అదే మాట తిరిగి అనాలి. పెళ్లయిన కొత్తలో సురేష్‌బాబు ఇది ఆమెకు ఆటగా నేర్పాడు. బజారులో ఆమె "ఎర్ర గొడుగు" అంటే ఆయన "ఎర్ర గొడుగు" అనేవాడు. ఇవాళ కూడా ఆ ఆటే మొదలైంది.

"అదిగో, నీటికాకి."

"నీటికాకి."

"గట్టు మీద లకుముకి."

"ఆఁ, లకుముకి."

ఆమెకు ఉత్సాహం వచ్చింది. కాసేపటికి నవ్వూ వచ్చింది. "నువ్వే మైనావి బావా, నానేటంటే అదే అంతన్నావు," అంది. ఆట పట్టిద్దామని, ఏమీ లేని కరెంటు తీగ వైపు వేలు చూపించింది. "తీగ మీద పచ్చపిట్ట!"

సురేష్‌బాబు తలెత్తి అటే చూశాడు. "పచ్చపిట్ట," అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఆయన మొహం చూసింది. ఆయన నవ్వడం లేదు, ఆ ఖాళీ తీగనే చూస్తున్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. ఆయన గోడ మీది క్యాలెండరుకి ముక్కు ఆనించి నిలబడటం, ఫోను ఆమె చేతికిచ్చి చదవమనడం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఘాట్లో దిగే గూడ్సు గుర్తొచ్చింది. పక్కనే కూర్చుని రంగులు చెప్పే అసిస్టెంటు కుర్రాడు కమలేష్ గుర్తొచ్చాడు. ఎంత భయం వేసిందో అంత కోపమూ వచ్చింది.

బైనాక్యులర్ ఆయన చేతిలో పెట్టింది. "ఈసారి నువ్వు ముందు సెప్పు బావా."

ఆయన దాన్ని కళ్లకు ఆనించుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. "మంచు పట్టీసింది," అన్నాడు.

"మంచు నేదు. తీగ మీద పిట్టా నేదు."

ఆయన బైనాక్యులర్ ఒళ్లో పెట్టుకున్నాడు. "దసరా ముందు నుంచి దూరంవి అగుపడ్డం నేదు శాంతీ. సెప్తే ఇంజన్ దించేసి ఆఫీసు కుర్చీలో కూకోబెడతారు."

"కమలేష్‌కి తెల్సా?"

"ఆడికి తెలిస్తే ఊరుకుంటాడేటి?"

"పాపం ఆ కుర్రోడు నువ్వూ సూస్తన్నావనుకుంతన్నాడు బావా," అంది.

అప్పుడే ఫోను మోగింది. పేరేదో ఆమె చదువుతుందని ఆయన జేబులోంచి ఫోను తీసి అలవాటుగా ఆమె వైపు చాపాడు. అది డ్యూటీకి పిలిచే నంబరని ఆమెకు తెలుసు. అయినా చదవలేదు, ఫోను అందుకోనూ లేదు. ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఫోను మోగుతూనే ఉంది. చివరికి ఆయనే చెవికి పెట్టుకున్నాడు.

"సార్, సిక్ మే డాలియే," అన్నాడు, ఒంట్లో బాలేదని రాసుకోమన్నట్టు. అవతల ఏమిటని అడిగినట్టున్నారు. సురేష్‌బాబు దూరంవి కనబడటం లేదని చెప్పేశాడు. "ఆంఖేఁ సార్. దూర్ కా నహీఁ దిఖతా."

ఆయన ఫోను పెట్టేశాడు. ఆమె బైనాక్యులర్ తీసి దాని పెట్టెలో సర్దింది. పూనంకి ఏం చెప్పాలా, రేపు ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలా అని ఆలోచిస్తూ లేచింది.

"శనివారం జీపు ఆపీకు," అన్నాడు సురేష్‌బాబు వెనకనించి. "నానూ వస్తాను. కానీ శాంతీ, ఉన్న పిట్టల్నే సెప్పు."